పోలీసు కారులో ఆల్టర్నేటర్ నుంచి బ్రేకుల దాకా అన్నీ వేరుగా ఎందుకు?

మామూలు కారుకే లైట్లు, సైరన్ బిగిస్తే సరిపోదా, లోపల అన్ని మార్పులు దేనికి అని అడిగారు. బిగించవచ్చు, కొన్నాళ్లు నడుస్తుంది కూడా. తర్వాత మొదట చేతులెత్తేసేది బ్యాటరీ. అందరూ ఇంజిన్ పవర్ గురించే అడుగుతారు గానీ, పోలీసు కారు ఎక్కువ సేపు చేసే పని ఇంజిన్ ఆన్‌లో ఉంచుకుని ఒకేచోట గంటల తరబడి నిలబడటం. ముఖ్యమైన తేడాలు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి.

కరెంటు లెక్క చూడండి. 50 వాట్ల రేడియో సెట్ మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లకు పైనే లాగుతుంది. 100 వాట్ల సైరన్‌కు 8 నుంచి 10. పైన లైట్‌బార్ ఎల్ఈడీది అయితే 5 నుంచి 10, పాత హాలోజన్‌ది అయితే 20 దాటుతుంది. ల్యాప్‌టాప్, కెమెరా రికార్డర్, మోడెం కలిపి ఇంకో 10. వీటికి తోడు ఫ్యూయల్ పంపు, రేడియేటర్ ఫ్యాన్, ఏసీ బ్లోయర్, హెడ్‌లైట్లు అంటూ కారు సొంత ఖర్చు 40 దాకా ఉంటుంది. మొత్తం 75 అనుకుందాం. ఇంజిన్‌తో పాటు తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మీద 100 ఆంపియర్లని రాసి ఉంటే చాలనిపిస్తుంది. కానీ ఆ అంకె ఇంజిన్ బాగా తిరిగేటప్పటిది. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, 50 వస్తే మంచిదే. మిగతా 25 బ్యాటరీలోంచి పోతుంది. 70 ఆంపియర్ అవర్ బ్యాటరీ (గంటకు 10 ఆంపియర్ల చొప్పున ఏడు గంటలు ఇవ్వగలిగేంత) అయితే రెండు గంటల తర్వాత ఇంజిన్ ఆపితే మళ్లీ సెల్ఫ్ తిరగడం అనుమానమే. అందుకే పోలీసు మోడళ్లకు 200 ఆంపియర్ల స్థాయి ఆల్టర్నేటర్ వేస్తారు. కొనేటప్పుడు గరిష్ఠ అంకె పక్కన పెట్టి, ఐడిల్‌లో ఎంత ఇస్తుందో అడగాలి.

ఫోర్డ్ 2020 మోడల్ పోలీస్ ఇంటర్‌సెప్టర్ యుటిలిటీలో హైబ్రిడ్ తేవడానికి ఒక కారణం ఇదే. బండి ఆగి ఉన్నప్పుడు పరికరాలను పెద్ద బ్యాటరీ నడుపుతుంది, అవసరమైతేనే ఇంజిన్ దానంతటదే స్టార్ట్ అవుతుంది.

వైరింగ్‌లో జరిగే తప్పులు ఎక్కువ కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ కేబుల్‌కు బ్యాటరీ దగ్గరే, 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజ్ పెట్టాలి. ఫ్యూజ్‌కు ముందున్న వైరుకు రక్షణ ఉండదు. ఇంజిన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) లేకపోతే రేకు అంచు వైరు తొడుగును నెమ్మదిగా కోసేస్తుంది. అక్కడ షార్ట్ అయితే మంటే.

వైరు మందం ఇంకో చిక్కు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరును డిక్కీలోని బాక్స్ దాకా 5 మీటర్లు లాగి 20 ఆంపియర్లు పంపితే, పోనూ రానూ కలిపి 1.4 వోల్టులు వైరులోనే పోతాయి. 13.8 బయలుదేరితే చేరేది 12.4. ఐడిల్‌లో బ్యాటరీ వోల్టేజీ ఇంకొంచెం పడిందంటే, మైక్ నొక్కగానే రేడియో ఆగి మళ్లీ ఆన్ అవుతుంది. సెట్ పాడైందని మారుస్తారు, కొత్తదీ అదే చేస్తుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ నష్టం 0.6కు దిగుతుంది. ఎర్త్ వైరును కారు బాడీకి బిగించే బోల్టు కింద పెయింట్ గీకకపోయినా సరిగ్గా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

పరికరాల లైనులో వోల్టేజీ 12 దగ్గరకు పడితే సప్లై కత్తిరించే రిలే కూడా తప్పనిసరి. దానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టాలి. లేదంటే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా వోల్టేజీ క్షణం పాటు పడి ల్యాప్‌టాప్ సప్లై పోతుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్ల నుంచి మాత్రం ఏ కారణంతోనూ కరెంటు తీసుకోకండి.

ఆగి ఉన్న బండికి ఎదురుగాలి తగలదు. కాబట్టి పెద్ద రేడియేటర్, బలమైన ఫ్యాన్, ఇంజిన్ ఆయిల్‌కూ గేర్‌బాక్స్ ఆయిల్‌కూ విడి కూలర్లు ఇస్తారు. వేగంగా తరిమి వచ్చి వెంటనే ఆగి ఐడిల్‌లో ఉండటం ఇంజిన్‌కు చాలా కష్టమైన స్థితి.

ఇక బ్రేకులు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లు. 150 కిలోమీటర్ల వేగం నుంచి వరసగా నాలుగైదు సార్లు ఆపితే మామూలు ప్యాడ్లు పట్టు వదిలేస్తాయి. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు అవి 230, 155. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. పెద్ద డిస్కులు, వేడి తట్టుకునే ప్యాడ్లు వేయడం అందుకే. కీచుమంటాయని వాటిని తీసి మామూలు ప్యాడ్లు వేయడం ప్రమాదం. టైర్లదీ అంతే. 240 కిలోమీటర్ల వేగానికి సరిపడే వి రేటింగ్‌తో వచ్చిన బండికి చవకని తక్కువ రేటింగ్ టైరు వేయకూడదు.

లోపలి మార్పులు సులభంగానే అర్థమవుతాయి. నడుము బెల్టుకు ఉన్న సామాను ఒరుసుకోకుండా సీటు అంచులు తగ్గిస్తారు. వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. రాత్రిపూట తలుపు తీస్తే లోపలి లైటు వెలగకుండా చేయవచ్చు. తాళం తీసినా ఇంజిన్ నడిచేలా ఏర్పాటు ఉంటుంది, ఎవరైనా గేరు వేయబోతే ఆగిపోతుంది. జాగ్రత్త పడాల్సింది ల్యాప్‌టాప్ స్టాండ్ విషయంలోనే. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే దారిలో దాన్ని బిగిస్తే, ప్రమాదంలో అదే మనిషి మీదకు వస్తుంది.

పాత పోలీసు కారు కొనాలనుకునేవారు ఓడోమీటర్ చూసి మోసపోకండి. అవర్ మీటర్ ఉంటే ఐడిల్ గంటలు చూడండి. ఒక గంట ఐడిల్‌ను సుమారు 33 మైళ్ల ప్రయాణంగా, అంటే 53 కిలోమీటర్లుగా లెక్కగట్టమని ఫోర్డ్ చెబుతుంది. 50,000 కిలోమీటర్లు, 2,000 ఐడిల్ గంటలు ఉన్న బండి ఇంజిన్ దాదాపు లక్షన్నర తిరిగినట్టే. ఆ తర్వాత పైకప్పులో యాంటెన్నా రంధ్రాలకు పెట్టిన రబ్బరు మూతలు, వాటి కింద లైనింగ్‌పై నీటి మరకలు చూడండి. పరికరాలు తీసేసినప్పుడు కోసి వదిలేసిన వైర్లు డాష్‌బోర్డు కింద ఉంటే, అవి బ్యాటరీకి ఇంకా కలిసే ఉన్నాయేమో టెస్టర్‌తో చూసి, ఉంటే బ్యాటరీ దగ్గరే ఊడదీయించండి.