లాటిన్ కప్పల మీద రాసిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. తొలకరి రాత్రి చెరువులో మగ బోదురు కప్పలు పసుపు పూసుకున్నట్టు మారిపోయాయని రాసిన పేరా బాగుంది. కళ్లారా చూసినవాళ్లే అలా రాయగలరు. ఆ తర్వాతి రెండు పేజీలకే నాకు కోపం వచ్చింది. 'రానా అంటే కప్ప. రానుంకులస్ అంటే కప్పపిల్ల. కోఆక్సారే అంటే బెకబెకమనడం.' ఇలా పప్పులో రాళ్లు ఏరినట్టు మాటలు ఏరి వరసగా పేర్చావు. ఏ మాట ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఒక్క ముక్క లేదు.

నేను నమ్మింది ఒకటే, అదే చెబుతాను. మాటను వాక్యంతో సహా తీసుకురా. వాక్యం దొరక్కపోతే ఆ మాటను వదిలెయ్.

కోఆక్సారే సంగతే చూడు. రోమన్ చక్రవర్తి అగస్టస్ జీవితం రాస్తూ స్వెటోనియస్ ఆ మాట వాడాడు. అగస్టస్‌కి అప్పుడే మాటలు వస్తున్న వయసట. ఊరి బయట తాతగారి తోట ఇంట్లో కప్పలు గోల చేస్తుంటే నోరు మూసుకోమన్నాడట. అప్పటినుంచీ అక్కడ కప్పలు బెకబెకమనవని జనం చెప్పుకునేవారట. కప్పల అరుపుకి ఉన్న మాట, కప్పలు అరవని చోటు గురించి చెప్పడానికి వచ్చింది. ఇంత కథ ఉంటే నువ్వు రాసింది ఒక్క అర్థం!

రానుంకులస్ కూడా అంతే. పసుపు పూల మొక్కకి ఆ పేరుందని రాశావు, నిజమే. కానీ రోమన్ వక్త సిసెరో ఒక ఉత్తరంలో ఆ మాటతో ఎంత చనువుగా మాట్లాడాడో చూడు. ట్రెబాటియస్ అనే లాయరు మిత్రుడు సీజర్ వెంట గాల్ దేశంలో ఉన్నాడు. అతను పెద్దదిక్కుగా ఉన్న ఉలుబ్రే అనే ఊరు చిత్తడి నేలల పక్కన ఉండేది. సిసెరో ఆ దారిన వెళ్తూ, నాకు మర్యాద చెయ్యడానికి అక్కడి కప్పపిల్లలన్నీ కదిలొచ్చాయని అతనికి రాశాడు. స్నేహితుణ్ణి ఆటపట్టించడానికి వాడిన మాట అది.

అసలు చెప్పాల్సింది రోమన్ కవి ఓవిడ్ గురించి. రూపాలు మారిపోయే కథలు చెప్పిన అతని కావ్యం 'మెటమార్ఫొసీస్' ఆరో భాగంలో లిసియా రైతుల కథ ఉంది. ఇద్దరు పసిబిడ్డల్ని ఎత్తుకుని దాహంతో వచ్చిన లటోనా దేవతని వాళ్లు నీళ్లు తాగనివ్వరు. పైగా చెరువులోకి దిగి, గెంతులేస్తూ బురద రేపుతారు. ఎప్పటికీ ఈ చెరువులోనే బతకండని ఆమె శపిస్తుంది. ఇక్కణ్ణుంచి ఓవిడ్ ఏం చేశాడో నెమ్మదిగా చదువు. వాళ్లు మునుగుతారు, తలలు పైకెత్తుతారు, గట్టు మీద కూర్చుంటారు, మళ్లీ నీళ్లలోకి దూకుతారు. గొంతు బొంగురుపోతుంది, మెడ ఉబ్బుతుంది. తల వచ్చి వీపుకి అతుక్కుంటుంది, మధ్యలో మెడ ఉందో లేదో తెలియదు. వీపు ఆకుపచ్చగా, ఒంట్లో అన్నిటికన్నా పెద్ద భాగమైన పొట్ట తెల్లగా అవుతాయి. ఇంత చెప్పినా కప్ప అనే మాట ఇంకా రాలేదు. బురద మడుగులో ఈ కొత్త ప్రాణులు గెంతుతున్నాయన్న ఆఖరి పాదంలో, ఆఖరి మాటగా వస్తుంది: రానై, కప్పలు.

మధ్యలో ఇంకో పాదం ఉంది. 'నీళ్ల అడుగున ఉన్నా, నీళ్ల అడుగునే తిట్టాలని చూస్తున్నాయి' అని దాని భావం. లాటిన్‌లో అక్కడ 'సుబ్ ఆక్వా, సుబ్ ఆక్వా' అని రెండుసార్లు వస్తుంది. గట్టిగా పైకి చదువు, కప్ప వినిపిస్తుంది. నువ్వేమో మొదటి లైన్లోనే 'రానా అంటే కప్ప' అనేశావు. ఇంక చదివేవాళ్లకి ఏం మిగిల్చావు?

ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద కొన్న పాత లాటిన్ వ్యాకరణం ముందేసుకుని, ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిళ్లు ఒక్కో పాదం కూడబలుక్కున్నాను. ఓవిడ్ పేరా మీద వ్యాసం రాసి ఒక వారపత్రికకి పంపాను. ఎడిటర్ గారు కథంతా కోసేసి, నాలుగు లాటిన్ మాటలు, వాటి అర్థాలు మాత్రం ఉంచి 'మీకు తెలుసా?' అని బాక్సు కట్టి వేశారు. కింద నా పేరు. ఆ సంచిక ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఆ బాక్సుల ఫ్యాషన్ మన సైన్సు రచనని ఎంత పాడు చేసిందో చెప్పలేను. తెలిసిన ముక్కలు మిగిలాయి, చదవాలన్న ఆకలి పోయింది. నీ రెండు పేజీల్లో ఆ బాక్సే కనిపించింది, అందుకే ఇంత కోపం.

గరుకు చర్మం కప్పకి లాటిన్‌లో ఉన్న బూఫో అనే మాటకి నీ దగ్గరే మంచి దారి ఉంది. మీది వ్యవసాయ కుటుంబం అన్నావు. రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం మీద రాసిన కావ్యం 'జార్జిక్స్' మొదటి భాగంలో కళ్లం గట్టిగా చదును చెయ్యకపోతే వచ్చే తిప్పలు చెబుతాడు. ఎలక, చీమ, పురుగుతో పాటు బొరియలో దొరికే ఈ గరుకు చర్మం కప్పనీ అక్కడే లెక్కేస్తాడు. మీ నాన్నగారిని కళ్లం ఎలా అలికేవారో అడిగి, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. అదే భాగంలో వాన గుర్తులు చెబుతూ, కప్పలు బురదలో తమ పాత మొరనే పాడాయంటాడు. నీ తొలకరి పేరా పక్కన ఉండాల్సిన వాక్యం అది.

ఇంకొకటి. నీ పసుపు కప్పకి 'రానా టైగ్రినా' అని రాశావు. అది పాఠ్యపుస్తకాల్లో మిగిలిపోయిన పాత పేరు. ఇప్పుడు దాన్ని హోప్లోబట్రాకస్ టైగరినస్ అంటారు. మన ఇళ్ల చుట్టూ తిరిగే గరుకు కప్ప కూడా బూఫో కాదిప్పుడు, డట్టాఫ్రైనస్. భారతీయ శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరు మీద 2006లో పెట్టిన పేరది. ఇలాంటివి సరిచూసుకోకుండా పంపకు.

పుస్తకం ఎవరు వేస్తారని, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ఆ రెండు పేజీలు తీసేసి, ఓవిడ్ రైతుల్ని నీ మాటల్లో రాసి పంపు. కప్ప అనే మాట ఎక్కడ పెట్టావో చూస్తాను.

ఆశీస్సులతో.