జింక్ వేసినా పోర్ కరెంట్ మారట్లేదా? ముందు ఈడీటీఏ సంగతి చూడండి

మ్యూటేషన్ తప్పు కాకపోవచ్చు. జింక్ పట్టుకునే అమైనో ఆమ్లాలైన హిస్టిడిన్లు పెట్టిన ఆల్ఫా-హీమోలైసిన్ పోర్ (పొరలో రంధ్రం చేసే ప్రోటీన్) మామూలుగా తెరుచుకుంటూ, 50 మైక్రోమోలార్ జింక్‌కి మాత్రం ఉలకట్లేదంటే, ఆ జింక్‌ని ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టేసే రసాయనం) మింగేస్తోందన్నదే నా మొదటి అనుమానం.

ఆ ఈడీటీఏ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే అందరూ ప్రోటీన్ స్టాక్‌నే అనుమానిస్తారు. కరెంట్ కొలిచే 1 మిల్లీలీటరు చాంబర్‌లో 1 మైక్రోలీటరు స్టాక్ వేస్తే అది వెయ్యి రెట్లు పలచబడుతుంది, దాని వాటా తక్కువే. చూడాల్సింది చాంబర్ బఫర్‌ని. పాత రెసిపీలో 100 మైక్రోమోలార్ ఈడీటీఏ ఉంటే, అది ఒకటికొకటి లెక్కన జింక్‌ని పట్టేస్తుంది. మీ 50లో పోర్‌కి దాదాపు ఏమీ మిగలదు.

1. 1 మోలార్ పొటాషియం క్లోరైడ్, 10 మిల్లీమోలార్ మాప్స్ (పీహెచ్‌ని నిలిపే రసాయనం), పీహెచ్ 7.5తో కొత్త బఫర్ కలపండి. ఈడీటీఏ వద్దు, జింక్‌ని పట్టేసే డీటీటీ కూడా వద్దు. ఫాస్ఫేట్ అసలే వద్దు, జింక్ అవక్షేపమవుతుంది.
2. మలినాలుగా ఉన్న లోహాలను లాగేసే కెలెక్స్ రెజిన్ మీదుగా పంపి, పీహెచ్ మళ్లీ కొలవండి. రెజిన్ దాన్ని పెంచేస్తుంది. పీహెచ్ 6కి జారినా ఇబ్బందే, హిస్టిడిన్లు ప్రోటాన్ పట్టుకుని జింక్‌ని వదిలేస్తాయి.
3. హిస్టిడిన్లు బ్యారెల్ (పోర్ గొట్టం) చివర ఉంటే జింక్ ట్రాన్స్ వైపు, అంటే ప్రోటీన్ వేసిన వైపుకి ఎదురు వైపు, వేయండి.
4. బ్లాకులు (కరెంట్ ఉన్నట్టుండి పడిపోవడాలు) కనిపించాక అదే వైపు 1 మిల్లీమోలార్ ఈడీటీఏ వేయండి. మాయమైతే అవి జింక్‌వే.