ఆదివారం ఒంటిగంటకి వంటింట్లో

ప్రశ్న: కావలి దగ్గర హైవే మీద మాది 60 సీట్ల ఫ్యామిలీ రెస్టారెంట్. ఆదివారం ఒంటిగంట దాటితే కిచెన్‌లో కేకలే కేకలు. ఒకే టేబుల్‌కి రోటీలు ముందెళ్తాయి, కూర పావుగంటకి వెళ్తుంది. ఇంకో మాస్టర్‌ని పెట్టుకోమంటారా?

జవాబు: వద్దండి. ఉన్న పొయ్యిల దగ్గరే ఇంకో మనిషి నిలబడితే తోపులాట పెరుగుతుంది గానీ ప్లేటు ముందు రాదు. సర్వర్లు ఒక్కొక్కరూ లోపలికొచ్చి అరుస్తుంటే మాస్టర్ చివరగా విన్నదే ముందు చేస్తాడు. స్లిప్పులన్నీ ఒక్కరి చేతికే రావాలి. పికప్ కౌంటర్ దగ్గర ఆయన పైకి చదవాలి, పొయ్యి దగ్గరవాళ్లు తిరిగి చెప్పాలి. రష్ ఉన్న ఆ రెండు గంటలూ ఆయన గరిటె పట్టకూడదు. ఓనర్లకి దండగ జీతంలా కనిపించేది ఇదే, ముందు కావాల్సిందీ ఇదే.

చదివే వరసలోనే ఉంది కిటుకంతా. ఒక టేబుల్‌వాళ్లు తందూరి చికెన్, ఫ్రైడ్ రైస్, పనీర్ కూర, రోటీలు చెప్పారనుకోండి. చికెన్‌కి 15 నిమిషాలు పడుతుంది కాబట్టి మొదట అదే భట్టీలోకి వెళ్లాలి. పది నిమిషాలయ్యాక కూర, రైస్ మొదలెట్టాలి. రోటీ రెండు నిమిషాల పని. కూర గిన్నెలోకి దిగుతుండగా భట్టీ గోడకి కొడితే చాలు.

బిర్యానీ హండీలన్నీ పన్నెండుకే దించేయకండి. మొదటిది పన్నెండుంబావుకి, రెండోది ఒంటిగంటకి, మూడోది ఒకటీముప్పావుకి మూత తీసేలా దమ్ పెట్టించండి. బియ్యం అరగంట నానడం, పాతిక నిమిషాల దమ్, ఈ రెండూ ఎంత తొందరున్నా తగ్గవు.

రష్‌లో ఎక్కువగా చెడేది వేపుడు. ఐదు లీటర్ల నూనెలో ఒక్కసారే రెండు కిలోల ముక్కలు కుమ్మరిస్తే 175 డిగ్రీల నూనె చల్లబడి, ముక్క వేగకపోగా నూనె తాగుతుంది. అది మళ్లీ కాగేదాకా వెనకున్న ఆర్డర్లన్నీ ఆగాల్సిందే. వాయికి ముప్పావు కిలో మించనీయకండి.

ప్రశ్న: చేపల పులుసు పొద్దున చేసి ఉంచితేనే రుచి. కానీ మధ్యాహ్నం ప్లేటులోకి వచ్చేసరికి ముక్కలు చితికిపోతున్నాయి. (ఒంగోలు)

జవాబు: ఆర్డరొచ్చినప్పుడల్లా గిన్నె మొత్తం మరిగిస్తున్నట్టున్నారు. వెడల్పాటి స్టీలు గిన్నెలో, ముక్కలు ఒకే వరసలో సర్ది వండించండి. చింతపండు పులుసుకి అల్యూమినియం పనికిరాదు. ఆ గిన్నెని వేడినీళ్ల తొట్టిలో 65 డిగ్రీలకి తగ్గకుండా ఉంచి, ఆర్డరు రాగానే ముక్కని అట్లకాడతో తీసి, పక్క పొయ్యి మీద విడిగా తెర్లుతున్న పులుసు పైన పోయండి. కలపాల్సొస్తే గరిటె వద్దు, గిన్నె చెవులు పట్టి తిప్పండి. మామిడికాయ ముక్కలు పొద్దున సగమే వేయండి. గంటలకొద్దీ వేడి మీదుంటే అవి కరిగి పులుపు మీరిపోతుంది.