ఆఫ్రికా సఫారీ లాడ్జిలో బస: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఆఫ్రికా అడవుల్లోని ఖరీదైన సఫారీ లాడ్జిల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి ఉపయోగపడతాయనిపించినవాటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: వచ్చే ఏడాది మా పెళ్ళి రజతోత్సవం. ఆ సందర్భంగా నేనూ మావారూ దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకు వెళ్ళాలనుకుంటున్నాం. పార్కు లోపల ప్రభుత్వ విశ్రాంతి శిబిరాలు ఉన్నాయనీ, పక్కనున్న ప్రైవేటు రిజర్వుల్లో విలాసవంతమైన లాడ్జిలు ఉన్నాయనీ తెలిసింది. రెండింటి అద్దెలకూ పొంతనే లేదు. జంతువులు అవే అయినప్పుడు అంత డబ్బు దేనికి కట్టాలి?

జవాబు: జంతువులు నిజంగానే అవే. క్రూగర్‌కు పడమటి సరిహద్దున ఉన్న సాబీ శాండ్ రిజర్వుకూ పార్కుకూ మధ్య ఉన్న కంచెను 1993లో తొలగించారు కాబట్టి, పొద్దున పార్కులో మేసిన ఏనుగుల మంద సాయంత్రానికి రిజర్వులో నీళ్ళు తాగుతూ కనిపించవచ్చు. తేడా అంతా వాటిని చూసే పద్ధతిలో ఉంది. పార్కులో మీ కారు మీరే నడుపుకోవచ్చు గానీ, రోడ్డు దిగి పొదల్లోకి వెళ్ళకూడదు, చీకటి పడేలోపు శిబిరం గేటు దాటి లోపలికి చేరిపోవాలి. రోడ్డు పక్కన సింహం పడుకుని ఉందన్న కబురు పాకితే కార్లు బారులు తీరడం అక్కడ మామూలే. ప్రైవేటు రిజర్వులో పైకప్పు లేని జీపును గైడు నడుపుతాడు, బానెట్ అంచున బిగించిన చిన్న సీటులో ట్రాకర్, అంటే జంతువుల జాడ పట్టే మనిషి, కూర్చుంటాడు. ముఖ్యమైన జంతువు జాడ దొరికితే దారి వదిలి పొదల్లోకి దిగుతారు, చీకటి పడ్డాక స్పాట్‌లైటు వేసుకుని తిరుగుతారు. ఒక జంతువు దగ్గరకు సాధారణంగా రెండు మూడు బండ్లకు మించి రానివ్వరు, మిగిలినవి రేడియోలో వరుస చెప్పుకుని దూరంగా ఆగుతాయి.

మీరు కట్టే సొమ్ముకు తగిన ఫలం ఎక్కడ దక్కుతుందో తెలియాలంటే ఆ ట్రాకర్‌ను గమనించాలి. తెల్లవారుజామున ఇసుక దారి మీద చిరుతపులి అడుగు కనిపించగానే అతను చెయ్యెత్తి బండి ఆపిస్తాడు, దిగి వంగి చూస్తాడు. అడుగు అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయా, గాలికి కాస్త రాలాయా, రాత్రి తిరిగే పురుగేదైనా దాని మీదుగా సన్నటి గీత గీసుకుంటూ పోయిందా అని పరిశీలిస్తాడు. పురుగు గీత అడుగు మీద పడి ఉంటే చిరుత రాత్రే దాటిపోయినట్టు. పురుగు గీతను అడుగే తొక్కి చెరిపేసి ఉంటే వెతకడం మొదలుపెట్టవచ్చునన్నమాట. అంతలో దూరాన ఇంపాలా జింకల గుంపు ముక్కుతో బుసకొట్టినట్టు హెచ్చరిక చేస్తే బండి అటు తిరుగుతుంది. చిరుత కనిపించడానికి ముందు గడిచే ఆ అరగంట, చిరుత కనిపించిన క్షణం కన్నా ఎక్కువగా గుర్తుండిపోతుందని మా నమ్మకం.

అందువల్ల లాడ్జిని ఎంచుకునేటప్పుడు ముందు నేలను, తరువాత గైడును, ఆ తరువాతే గదిని చూడమని మా సలహా. గదికొక చిన్న ఈతకొలను, ఆరుబయట షవరు, నది వైపు చెక్క వరండా ఉండటం హాయిగానే ఉంటుంది, కాదనం. అయితే రోజు మొత్తంలో వాటిని అనుభవించేది మధ్యాహ్నం నాలుగైదు గంటలు మాత్రమే. తెల్లవారకముందే నిద్ర లేపి మూడు నాలుగు గంటల డ్రైవ్‌కు తీసుకెళతారు, సాయంత్రం నాలుగు గంటల వేళ మళ్ళీ బయలుదేరదీస్తారు. కాబట్టి డబ్బు కట్టేముందు రిజర్వు విస్తీర్ణం ఎంత, ఆ నేల మీద ఎన్ని లాడ్జిల బండ్లు తిరుగుతాయి, ఒక్కో బండిలో ఆరుగురిని ఎక్కిస్తారా తొమ్మిదిమందినా, గైడుతో పాటు ట్రాకర్ కూడా ఉంటాడా అని రాసి అడగండి. సూటిగా జవాబివ్వని లాడ్జిని పక్కన పెట్టవచ్చు.

ఇలాంటి లాడ్జిల్లో ఒక మనిషికి ఒక రాత్రికి సుమారు 500 అమెరికన్ డాలర్ల నుంచి 2,000 డాలర్లు దాటే వరకూ తీసుకుంటారు. భోజనాలు, రోజుకు రెండు డ్రైవ్‌లు, మామూలు పానీయాలు, చాలాచోట్ల బట్టలుతికించడం కూడా అందులోనే ఉంటాయి. రిజర్వు ప్రవేశ రుసుము, విమాన ఛార్జీలు, టిప్పులు వేరు. మీ దగ్గర సెలవు ఎక్కువ, డబ్బు తక్కువ ఉంటే ముందు స్కుకూజా, సటారా వంటి ప్రభుత్వ శిబిరాల్లో మూడు రాత్రులు, చివర లాడ్జిలో మూడు రాత్రులు గడపండి. ఈ వరుసను తిరగేయవద్దు. లాడ్జి అలవాటయ్యాక స్టీరింగు పట్టుకుని సొంతంగా సింహాన్ని వెతుక్కోవడం చాలామందికి విసుగనిపిస్తుంది.

ప్రశ్న: ఏ నెలలో వెళితే బాగుంటుంది? కెన్యా, బోట్స్వానా, దక్షిణాఫ్రికాల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాం.

జవాబు: జంతువులు సులువుగా కనిపించడమే ముఖ్యమైతే దక్షిణాఫ్రికాకు మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్ళండి. గడ్డి ఎండి పొట్టిగా అవుతుంది, చెట్లు ఆకు రాలుస్తాయి, మిగిలిన కొద్దిపాటి నీటి దగ్గరకే జంతువులన్నీ చేరతాయి. కానీ జూన్, జూలైలలో తెల్లవారుజామున పైకప్పు లేని జీపులో గాలి ఎముకలు కొరుకుతుంది. సీటు మీద దుప్పటి, వేడినీళ్ళ సంచి పెట్టి ఉంచుతారు, అయినా చెవులు కప్పే టోపీ మరువవద్దు. నవంబరు నుంచి మార్చి వరకు వానలు పడి నేలంతా పచ్చబడి, పిల్లలతో ఉన్న జంతువులు, వలస పక్షులు కనువిందు చేస్తాయి. అద్దెలు కూడా కొంత దిగుతాయి. ఏపుగా పెరిగిన గడ్డిలో సింహం పదడుగుల దూరంలో ఉన్నా కనిపించకపోవడమే అప్పటి చిక్కు.

వైల్డ్‌బీస్ట్‌లనే పెద్ద జింకల మహావలస చూడాలంటే దారి వేరు. ఆ మందలు సాధారణంగా జూలై నుంచి అక్టోబరు మధ్య కెన్యాలోని మసాయి మారాలో ఉంటాయి, జనవరి చివర నుంచి మార్చి వరకు టాంజానియాలో సెరెంగెటికి దక్షిణాన ఎన్‌డుటు మైదానాల్లో ఈనుతాయి. మారా నది దాటే దృశ్యం కోసం గట్టున గంటల తరబడి ఎదురుచూసినా ఆ రోజు మంద వెనక్కి తిరిగిపోవచ్చు. పైగా మసాయి మారా ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకు జనవరి నుంచి జూన్ వరకు రోజుకు 100 డాలర్లయితే, జూలై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు.

బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టా సంగతి మరీ విచిత్రం. వాన కురిసేది అంగోలా ఎత్తు ప్రాంతాల్లో. ఆ నీరు నెలల తరబడి నెమ్మదిగా పారి వచ్చేసరికి డెల్టాలో వానలు లేని చలికాలం నడుస్తూ ఉంటుంది, దాంతో చుట్టూ నేల ఎండిన జూన్, జూలై, ఆగస్టు నెలల్లోనే డెల్టా నిండుగా ఉంటుంది. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో 1,000వ స్థలంగా చేరింది ఇదే. ఇక్కడి కొన్ని లాడ్జిలు ప్రధానంగా నీటి మీద, మొకోరో అనే సన్నటి పడవలో తిప్పుతాయి. మరికొన్ని జీపులో తిప్పుతాయి. మీరు వెళ్ళే నెలలో ఆ లాడ్జి రెండూ చేయిస్తుందో లేదో తెలుసుకున్నాకే ఖాయం చేసుకోండి. మొదటిసారి వెళ్ళేవారికి, ఖర్చు, ప్రయాణ సౌలభ్యం దృష్ట్యా, మేము దక్షిణాఫ్రికానే సూచిస్తాం.

ప్రశ్న: మేము చూసిన లాడ్జి వివరాల్లో ‘క్యాంపు చుట్టూ కంచె లేదు, జంతువులు స్వేచ్ఛగా తిరుగుతాయి’ అని గొప్పగా రాశారు. తలుపులు లేని జీపును సింహం పక్కనే ఆపుతారట. మాతో మా అమ్మగారు వస్తున్నారు, ఆవిడకు 68 ఏళ్ళు. ఇది క్షేమమేనా?

జవాబు: చెప్పిన నియమాలు పాటిస్తే భయపడాల్సినంత ప్రమాదం లేదు. ఆ రిజర్వుల్లోని సింహాలు, చిరుతలు కూనలుగా ఉన్నప్పటి నుంచీ ఈ జీపులను చూస్తూనే పెరుగుతాయి. కూర్చున్న మనుషులూ బండీ కలిసి వాటికి ఒకే పెద్ద ఆకారం, అది తినదగినదీ కాదు, భయపడదగినదీ కాదు. ఎవరైనా లేచి నిలబడినా, ఫొటో కోసం చెయ్యి బయటికి చాచినా ఆ ఆకారం చెదిరి మనిషి విడిగా కనిపిస్తాడు. గైడు గొంతు తగ్గించి ‘కూర్చోండి’ అన్నాడంటే ఆ మాటను ఆజ్ఞగానే తీసుకోవాలి. ఏనుగుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మదమెక్కిన మగ ఏనుగు, గున్నతో ఉన్న తల్లి ఎదురైతే మంచి గైడు ముందుగానే బండిని వెనక్కి తీస్తాడు. ఇంకొంచెం దగ్గరకు పోనివ్వమని అతన్ని బతిమాలడం, టిప్పు ఆశ చూపడం మాత్రం ఎవరూ చేయకూడని పని.

క్యాంపులో చీకటి పడ్డాక ఒంటరిగా నడవనివ్వరు. భోజనానికి రావాలన్నా, గదికి తిరిగి వెళ్ళాలన్నా సిబ్బంది టార్చిలైటుతో వచ్చి వెంట నడుస్తారు. నది ఒడ్డున ఉన్న క్యాంపుల్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే హిప్పోలు రాత్రివేళ మేతకు గట్టెక్కుతాయి, నీటికీ తనకూ మధ్య అడ్డొచ్చిన దేన్నీ అవి సహించవు. పగటిపూట అతిథులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి సింహాలు కావు, కోతులు. టెంటు జిప్పు పూర్తిగా వేయకుండా వెళితే వెర్వెట్ కోతులు, బబూన్లు లోపల దూరి టీ బల్ల మీది పంచదార, బిస్కెట్లు, ఒక్కోసారి మాత్రల డబ్బా కూడా ఎత్తుకుపోతాయి.

మీ అమ్మగారి విషయంలో మాకు తోచేది జీపు ఎత్తు గురించి. ఎక్కడానికి మెట్టుపీట ఉందా అని ముందే అడగండి. వెనుక వరుస ఎత్తుగా ఉండి దృశ్యం బాగా కనిపిస్తుంది గానీ కుదుపులన్నీ అక్కడే, ఆవిడను గైడు సీటుకు సరిగ్గా వెనకున్న మొదటి వరుసలో కూర్చోబెట్టండి. భోజనశాలకు దగ్గరగా ఉన్న గది కావాలని బుకింగు సమయంలోనే రాయించండి. ఉదయం అడవిలో తిప్పే నడకకు మాత్రం ఆవిడ రాకపోవడమే మంచిది, తుపాకీ పట్టిన గైడు వెనుక అందరూ ఒకే వరుసలో, ఒకే వేగంతో నడవాల్సి ఉంటుంది.

ప్రశ్న: మా పిల్లలకు అయిదు, తొమ్మిదేళ్ళు. మలేరియా భయం కూడా ఉంది.

జవాబు: చాలా లాడ్జిలు ఆరేళ్ళలోపు పిల్లలను అందరితో కలిపి జీపులో ఎక్కించుకోవు. విడిగా బండి మాట్లాడుకుంటే కొన్ని ఒప్పుకుంటాయి, దాని ఖర్చు తక్కువేమీ కాదు. మలేరియా లేని ప్రాంతాన్ని ఎంచుకుంటే సగం బెంగ తీరుతుంది. దక్షిణాఫ్రికాలో బోట్స్వానా సరిహద్దును ఆనుకుని ఉన్న మాడిక్వే రిజర్వు అలాంటిదే. పశువులు మేసి అరిగిపోయిన పొలాలను 1991లో రిజర్వుగా మార్చి, 8,000కు పైగా జంతువులను వేరే చోట్ల నుంచి తరలించి అక్కడ వదిలారు. సింహాలు, ఏనుగులు, ఆఫ్రికా అడవికుక్కలు అన్నీ ఉన్నాయి. క్రూగర్ ప్రాంతంలో మలేరియా ముప్పు అక్కడి వానాకాలంలో పెరుగుతుంది, వెళ్ళేముందు మాత్రల గురించి వైద్యుణ్ణి సంప్రదించాలి. అసలు చిన్నవాడికి ఇంకో రెండేళ్ళు నిండాక వెళ్ళడం మేలని మా ఉద్దేశం. మూడు గంటలు గొంతెత్తకుండా కూర్చోమనడం అయిదేళ్ళ పిల్లవాడికి శిక్షే.

ప్రశ్న: సామాను, బట్టలు, శాకాహారం, టిప్పుల గురించి క్లుప్తంగా చెప్పగలరా?

జవాబు: చిన్న విమానంలో వెళ్ళేవారికి చేతిసంచితో కలిపి 15 నుంచి 20 కిలోల వరకే అనుమతి ఉంటుంది, అదీ గట్టి సూట్‌కేసు కాకుండా మెత్తటి సంచిలో సర్దుకోవాలి. ఖాకీ, గోధుమ, ముదురాకు రంగుల బట్టలు మంచివి. మనుషులను కుట్టే సెట్సీ ఈగలు ముదురు నీలానికీ నలుపుకీ ఆకర్షితమవుతాయి. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలను జింబాబ్వే, జాంబియాలలో సామాన్యులు వేసుకోకూడదు. ప్లాస్టిక్ సంచులను కెన్యా 2017లో, టాంజానియా 2019లో నిషేధించాయి. ఖడ్గమృగం ఫొటో తీస్తే, వేటగాళ్ళకు ఆనవాలు దొరకకుండా ఫోనులో స్థలం నమోదయ్యే సదుపాయాన్ని ఆపి ఉంచండి.

శాకాహారం గురించి బుకింగు నాడే, గుడ్డు తింటారో లేదో సహా, స్పష్టంగా రాయండి. మారుమూల క్యాంపులకు సరుకులు రోజూ రావు కాబట్టి అక్కడికి వెళ్ళాక చెబితే వంటవాడు చేయగలిగింది తక్కువ. టిప్పు గైడుకు సాధారణంగా ఒక్కో అతిథి తరఫున రోజుకు 10 నుంచి 20 డాలర్లు, ట్రాకర్‌కు విడిగా అందులో సగం పైన ఇస్తారు. మిగిలిన సిబ్బంది కోసం ఉమ్మడి పెట్టె ఉంటుంది.

ప్రశ్న: ఇంత డబ్బులో అక్కడి ప్రజలకు ఏమైనా చేరుతుందా, లేక అంతా కంపెనీలకేనా?

జవాబు: లాడ్జిని బట్టి ఉంటుంది, అందుకే అడిగి తెలుసుకోవాలి. క్రూగర్ ఉత్తర కొసన, లువువ్హు, లింపోపో నదుల మధ్య ఉన్న నేల మకులేకే ప్రజలది. 1969లో అప్పటి ప్రభుత్వం వారిని బలవంతంగా ఖాళీ చేయించింది, వర్ణవివక్ష పాలన ముగిశాక 1998లో ఆ భూమి తిరిగి వారి పేరిట వచ్చింది. వారు అక్కడ మళ్ళీ ఊళ్ళు కట్టుకోకుండా, నేలను పార్కులో భాగంగానే ఉంచి లాడ్జిలకు లీజుకిచ్చారు. మసాయి మారా చుట్టూ ఉన్న కన్సర్వెన్సీలలో, అంటే వన్యప్రాణుల కోసం కేటాయించిన ప్రైవేటు భూముల్లో, మసాయి కుటుంబాలు తమ భూములను కలిపి లీజుకిస్తాయి, ఎకరానికి ఇంత అని సొమ్ము అందుకుంటాయి, పశువులను వంతుల వారీగా మేపుకుంటాయి. నమీబియాలో 1996 చట్టంతో గ్రామ సమూహాలకే వన్యప్రాణుల నిర్వహణ, దాని ఆదాయం మీద హక్కు వచ్చింది. ‘సంఘసేవ చేస్తాం’ అనే మాటతో తృప్తి పడకండి. నేల ఎవరిది, లీజు ఎవరికి చేరుతుంది, గైడుల్లో, మేనేజర్లలో స్థానికులు ఎందరు అని అడగండి. ఊరు చూపిస్తామని తీసుకెళ్ళి గంతులు వేయించి చూపే కార్యక్రమాల మీద మాత్రం మాకు పెద్దగా గౌరవం లేదు.

ప్రశ్న: ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా?

జవాబు: దక్షిణాఫ్రికాకు నేరుగా వెళ్ళి నేరుగా తిరిగి వస్తే అవసరం లేదు. కెన్యా వెళ్ళి వచ్చేవారి దగ్గర సర్టిఫికెట్ లేకపోతే భారతదేశంలో దిగాక ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అవకాశం ఉంది. నైరోబీ, అడిస్ అబాబా విమానాశ్రయాల్లో 12 గంటలకు మించి ఆగి దక్షిణాఫ్రికాకు వెళ్ళేవారిని అక్కడ కూడా అడుగుతారు. ఒకసారి వేసుకుంటే టీకా జీవితాంతం చెల్లుతుంది గానీ, సర్టిఫికెట్ అమలులోకి వచ్చేది వేసుకున్న పది రోజుల తరువాతే. 60 ఏళ్ళు దాటినవారు, గుడ్డు పడనివారు ముందుగా వైద్యుడితో మాట్లాడాలి కాబట్టి, టికెట్లు ఖాయం కాగానే ఈ పని చూసుకోండి.