రేణువు కనపడగానే పేరు పెట్టేయకు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవించి రాయునది.

టమాటా వేళ్ల దగ్గరి మట్టిలో దొరికిన బ్యాక్టీరియాల్లో సూడోమోనాస్‌లను పీహెచ్‌బీ (నాలుగు కార్బన్ల హైడ్రాక్సీ ఆమ్లంతో కట్టిన పాలిమర్, బ్యాక్టీరియా దాచుకునే నిల్వ) రేణువులు చూసి వేరు చేస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత మురిసిపోయానో! వెంటనే గుబులూ పుట్టింది. వాటిలో మంచివి ఏరి రైతులకు పౌడరుగా ఇస్తారట కదా. బర్క్‌హోల్డేరియా సెపేషియా అనే మరో బ్యాక్టీరియా కూడా ఆ వేళ్ల దగ్గరే ఉంటుంది, తెగుళ్లనూ అణచగలదు. కానీ ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు అది ప్రమాదం. నీ లేబుల్ తప్పితే పౌడరు చల్లే మనిషి పీల్చేది దాన్నే.

రంగు వేయడం నీకు తెలిసిందే. సుడాన్ బ్లాక్ బి 0.3 గ్రాములు 100 మి.లీ. 70 శాతం ఆల్కహాల్‌లో కరిగించి, వడకట్టి, స్లైడ్ మీద 10 నిమిషాలు ఉంచు. అద్ది, జైలీన్‌తో తేర్చి, 0.5 శాతం సఫ్రానిన్ 10 సెకన్లు వెయ్యి. గులాబీ కణంలో నల్లటి రేణువులు కనిపించాలి. పక్కన పోల్చుకోవడానికి బాసిల్లస్ మెగాటీరియం (రేణువులుండేది), ఈ. కోలై (ఉండనిది) స్లైడ్లు లేకుండా ఒక్క ఫలితం కూడా రాయకు.

అసలు తప్పు జరిగేది ఆ తర్వాత. 1966లో స్టానియర్, పలెరోని, డౌడొరాఫ్‌లు సూడోమోనాస్‌లను వర్గీకరించినప్పుడు, అతినీలలోహిత కాంతిలో మెరిసే రకాలు పీహెచ్‌బీ దాచుకోవనీ, అప్పట్లో సూడోమోనాస్‌గానే లెక్కించిన సెపేషియా వంటివి దాచుకుంటాయనీ చూపించారు. సెపేషియా, అలాగే దాచుకునే సోలనాసియారం 1990లలో బర్క్‌హోల్డేరియా, రాల్‌స్టోనియాలుగా విడిపోయాయి కూడా. దాంతో "రేణువుంటే సూడోమోనాస్ కాదు" అని చాలామంది తీర్మానించేశారు. కాదమ్మా! 1983లో ఆక్టేన్ మీద పెరిగిన సూడోమోనాస్ ఒలియోవొరాన్స్‌లో ఎనిమిది కార్బన్ల హైడ్రాక్సీ ఆమ్లంతో కట్టిన పాలిమర్ దొరికింది. తర్వాత గ్లూకోనేట్ మీద పెంచిన మెరిసే రకాల్లో పది కార్బన్లదీ కనిపించింది. సుడాన్ బ్లాక్‌కు ఆ తేడా తెలియదు, దేన్నైనా నల్లగా చూపిస్తుంది. నైల్ బ్లూ అనే మరో రంగు కూడా వాటిని విడదీయలేదు. గుర్తు రేణువు కాదు, దాని లోపలి కార్బన్ల లెక్క.

నన్ను ఇంకా భయపెట్టేది దీనికి తిరగబడ్డ తప్పు. నత్రజని పుష్కలంగా ఉన్న అగర్ మీద పెంచితే బర్క్‌హోల్డేరియా పెద్దగా దాచుకోదు. కల్చర్ ముదిరితే దాచుకున్నదాన్ని తినేస్తుంది. స్లైడ్ అంతా గులాబీగా ఉందని "నెగటివ్" అని రాసేస్తావు. అందుకే ఖనిజ లవణాల మీడియంలో అమ్మోనియం లవణం 0.02 శాతానికి తగ్గించి, కార్బన్ కోసం హైడ్రాక్సీ బ్యుటిరేట్ 0.5 శాతం పెట్టి 24, 48, 72 గంటలకు మూడుసార్లు చూడు. ఏ కార్బన్ మీద, ఎన్ని గంటలకు చూశావో ఫలితం పక్కనే రాయి.

అనుమానమున్న ప్రతిదాన్నీ కార్బన్ల లెక్క తేల్చే గ్యాస్ క్రొమటోగ్రఫీకి పంపు. ఎండిన కణాలు 5 నుంచి 10 మి.గ్రా., క్లోరోఫాం 2 మి.లీ., 15 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన మెథనాల్ 2 మి.లీ., కొలతకు పోల్చుకునే ఇంటర్నల్ స్టాండర్డ్‌గా బెంజోయిక్ ఆమ్లం. మూత బిగించిన గాజు ట్యూబులో 100 డిగ్రీల దగ్గర 140 నిమిషాలు. చల్లారాక 1 మి.లీ. నీళ్లు పోసి కుదిపి, అడుగు పొరే తీసుకో. నాలుగు కార్బన్ల (పీహెచ్‌బీ) పీక్ వస్తే మొదట సెపేషియాను అనుమానించు. అయితే అరుదుగా సూడోమోనాస్‌లు కూడా రెండు రకాలూ చేస్తాయి, కాబట్టి 16ఎస్ జన్యువు సీక్వెన్స్ లేకుండా పేరు ఖాయం చెయ్యకు.

ఆ ట్యూబుల గురించి గట్టిగానే చెబుతున్నాను. అంచు చెక్కిందీ, టెఫ్లాన్ లైనింగ్ అరిగిందీ వాడకు. లీకైతే లెక్క తగ్గుతుంది, పగిలితే వేడి ఆమ్లం ముఖం మీదికొస్తుంది. కళ్లద్దాలు పెట్టుకో తల్లీ, ఫ్యూమ్ హుడ్ అద్దం దించు, పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యకు.

ఇట్లు,
పెద్దమ్మ