స్లైడ్‌లోని టేబుల్ కూడిక చెయ్యదు

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మామిడి రైతుల సంఘంలో లెక్కలు రాస్తుంటాను. ఏ ఊరి నుంచి తోతాపురి ఎన్ని టన్నులు పోయిందో పవర్‌పాయింట్‌లో టేబుల్ వేసి మీటింగ్‌లో చూపిస్తాను. అంకె కొట్టి ఎంటర్ నొక్కితే తర్వాతి గడికి పోకుండా అదే గడి పెద్దదవుతోంది. పోయినసారి ఒక ఊరి అంకె దిద్దాను, కింద మొత్తం మాత్రం పాతదే ఉండిపోయింది. అందరి ముందూ అడిగేసరికి టెన్షన్‌తో మాట రాలేదు. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ బాధ నాకు బాగా తెలుసు. తిరుపతిలో ఒక కాలేజీలో ఫీజుల పట్టిక చూపిస్తున్నప్పుడు నాకూ ఇదే జరిగింది. వెనక బెంచీలో ఒక తండ్రి వేళ్ల మీద కూడి, మొత్తం తప్పని చెప్పాడు. ఆయన చెప్పిందే నిజం. ఆ రోజు నుంచి స్లైడ్‌లో ఏ మొత్తాన్నీ చేత్తో కొట్టడం లేదు.

ముందు ఎంటర్ సంగతి. మీకు ఎక్సెల్ అలవాటై ఉంటుంది, అక్కడ ఎంటర్ నొక్కితే కింది గడికి పోతుంది. పవర్‌పాయింట్‌లో మాత్రం అదే గడిలో కొత్త లైను వస్తుంది, అందుకే వరుస ఎత్తు పెరిగింది. పక్క గడికి పోవడానికి ట్యాబ్, వెనక్కి రావడానికి షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కండి. చివరి గడిలో ట్యాబ్ నొక్కితే కింద కొత్త వరుస వస్తుంది. పెరిగిన వరుసను మౌస్‌తో ఎంత లాగినా తగ్గదు. గడిలో మిగిలిన ఖాళీ లైన్లు తీసేశాకే తగ్గుతుంది. ఒక జాగ్రత్త: ట్యాబ్‌తో వెళ్లినప్పుడు ఆ గడిలో ఉన్నదంతా సెలెక్ట్ అవుతుంది, ఒక్క అంకె కొడితే పాతదంతా పోతుంది. ఒక్క అంకే దిద్దాలంటే మౌస్‌తో సరిగ్గా అక్కడ క్లిక్ చేయండి. పొరపాటున పోతే కంట్రోల్ జెడ్ కొట్టండి.

ఇక అసలు విషయం. పవర్‌పాయింట్ టేబుల్‌కు అంకె అయినా అక్షరమైనా ఒకటే, దానికి లెక్క రాదు. 12.50, 8.75, 20.40 కలిపి 41.65 అని మీరు రాశారనుకోండి. తర్వాత 8.75ను 9.75 చేస్తే మొత్తం 42.65 కావాలి. కానీ మీరు దిద్దేదాకా అక్కడ 41.65 అలాగే ఉంటుంది. అందుకే లెక్కంతా ఎక్సెల్‌లోనే చేయండి. కింద సమ్ (కూడిక చేసే సూత్రం) పెట్టండి, ఏదైనా మారితే అక్కడే మార్చండి, అయ్యాక కాపీ చేసి స్లైడ్‌లో పేస్ట్ చేయండి. పేస్ట్ చేసిన తర్వాత ఆ అంకెలకు ఎక్సెల్‌తో సంబంధం తెగిపోతుంది కాబట్టి, మళ్లీ మారితే మళ్లీ పేస్ట్ చేయాలి.

పేస్ట్ చేసేటప్పుడు ఎంబెడ్ అనే ఎంపిక కూడా కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే స్లైడ్‌లోనే డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లోలా దిద్దుకోవచ్చు, మొత్తం కూడా మారుతుంది. సౌకర్యమే, అయినా మీకు నేను వద్దంటాను. మీరు చూపించేది నాలుగు వరుసలే అయినా ఎక్సెల్ ఫైలు మొత్తం లోపలికి వచ్చేస్తుంది. వేరే షీట్‌లో ఏ రైతుకు ఎంత బాకీ ఉందో రాసుకుని ఉంటే, ఆ ప్రెజెంటేషన్ వాట్సాప్‌లో అందుకున్న ప్రతి ఒక్కరూ కంప్యూటర్‌లో తెరిచి డబుల్ క్లిక్ చేసి చూడగలరు. ఒకరి బాకీ ఊరంతటికీ తెలియడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

అంకెలున్న నిలువు వరుసను సెలెక్ట్ చేసి కంట్రోల్ ఆర్ నొక్కండి, అంకెలన్నీ గడిలో కుడి అంచుకు చేరతాయి. అన్నిటికీ చుక్క తర్వాత రెండేసి అంకెలు ఉంచితే చుక్కలన్నీ ఒకే గీతలో వస్తాయి. టన్నులు అనే మాట ప్రతి గడిలో వద్దు, పైన తలవరుసలో ఒక్కసారి రాయండి.

మీటింగ్‌కు ముందు రోజు రాత్రి ఇంట్లో ఎవరినైనా స్లైడ్ చూసి అంకెలు పైకి చదవమనండి. మీరు ఎక్సెల్ షీట్ ముందు పెట్టుకుని ఒక్కోదానికీ టిక్కు పెట్టండి. మొత్తాన్ని చివర్లో చదివించండి.