నేను ఎక్కడ, ఏం కొంటున్నానో చూసి క్రెడిట్ కార్డు లిమిట్ తగ్గిస్తారా?

చూస్తారండి, కానీ మనం భయపడేలా కాదు. నాకు ఒక్క లేట్ పేమెంట్ కూడా లేకుండానే ఒకసారి లిమిట్ సగానికి సగం కోసేశారు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఇంటర్నల్ పాలసీ సార్" అనే ముక్క తప్ప ఇంకో మాట లేదు. ఆ నెల ఫ్రెండ్స్‌తో రెండు మూడు సార్లు బార్‌లో కార్డు గీకా, అది చూసే నన్ను తాగుబోతుల లెక్కలో వేశారని ఫిక్సయిపోయా.

మా బావమరిది వేరే బ్యాంకులో కార్డుల రిస్క్ టీమ్‌లో చేస్తాడు. స్టేట్‌మెంట్ చూపిస్తే వాడు బార్ బిల్లులు పట్టించుకోనే లేదు, "బావా, ఇవేంటి" అని ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో తీసిన క్యాష్ ఎంట్రీల మీద వేలు పెట్టాడు. నేను ఉద్యోగం మారే గ్యాప్‌లో చేతిలో డబ్బుల్లేక రెండుసార్లు తీశా, పైగా ఎప్పుడూ ఫుల్ బిల్లు కట్టేవాణ్ణి మూడు నెలలు మినిమమ్ డ్యూతో సరిపెట్టా, సరుకులు కూడా కార్డు మీదే. "నువ్వు ఏం కొన్నావన్నది కాదు బావా, నిన్నటిదాకా ఉన్న నువ్వు ఇవాళ మారిపోయావు, మా సిస్టమ్ దాన్నే పట్టుకుంటుంది" అన్నాడు.

ఇంకోటి, మామూలుగా బ్యాంకుకి వెళ్లేది షాపు పేరు, మొత్తం, ఏ రకం షాపో చెప్పే నాలుగంకెల కోడ్. కిరాణా 5411, బార్ 5813, బెట్టింగ్ 7995, ఏటీఎం క్యాష్ 6011 అలా. లోపల సబ్బు కొన్నారా బియ్యం కొన్నారా దానికి తెలీదు. షాపు వాళ్లే కార్డు ఇస్తే మాత్రం కథ వేరు. కెనడాలో కెనడియన్ టైర్ అనే కంపెనీ అలాంటిదే, అక్కడ జె.పి. మార్టిన్ అనే ఆయన 2002లో ఆ డేటా తవ్వితే, కుర్చీ కాళ్లు నేలని గీకకుండా అడుగున అతికించే ఫెల్ట్ ముక్కలు కొనేవాళ్లు దాదాపు బాకీ ఎగ్గొట్టరని, చవక ఇంజన్ ఆయిల్ కొనేవాళ్లతో రిస్క్ ఎక్కువని తేలిందట. నవ్వొస్తుంది గానీ, నేల గీతలు పడకూడదని ఆలోచించే మనిషి బిల్లు మర్చిపోతాడా చెప్పండి.

ఇదంతా చాలా అన్యాయంగా మారిన సందర్భాలూ ఉన్నాయి. 2008లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అట్లాంటాలో ఒక కస్టమర్ లిమిట్ 10,800 డాలర్ల నుంచి 3,800కి దించేసి, మీరు కొన్న షాపుల్లో కొనే మిగతావాళ్లు సరిగ్గా కట్టట్లేదు అని లెటర్‌లో కారణం రాసింది. పక్కవాడు ఎగ్గొడితే మనకి శిక్షేంటో! అదే ఏడాది కంప్యూక్రెడిట్ అనే కంపెనీ మీద అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు వేసింది, పెళ్లి కౌన్సెలింగ్‌కీ బార్లకీ కార్డు వాడితే లిమిట్ తగ్గిస్తూ ఆ సంగతి కస్టమర్లకి చెప్పలేదని.

క్రెడిట్ స్కోర్‌తో దీన్ని కలపకండి. ఉదాహరణకి అమెరికాలో ఎక్కువగా వాడే క్రెడిట్ స్కోర్ అయిన ఫైకో స్కోర్‌లో 35 శాతం కట్టిన చరిత్ర, 30 శాతం ఎంత బాకీ ఉన్నామన్నది, షాపింగ్ ఊసే ఉండదు. ఈ షాపింగ్ చూడటం బ్యాంకు లోపలి స్కోర్ వ్యవహారం, అది మనకి చూపించరు.

నేనైతే క్యాష్ తీయడం పూర్తిగా మానేసి, ఆరేడు నెలలు ఫుల్ బిల్లు కట్టా, అప్పుడు వాళ్లే లిమిట్ కొంత పెంచారు. బార్ బిల్లులు మాత్రం ఆ ఆరేడు నెలలూ అలాగే ఉన్నాయి.